గడ్డపారల పాట

మా చిన్నాయన కొడుకు జనగామ దగ్గర చిన్న తోట కొన్నాడు. మామిడి చెట్ల కింద కూర్చోవడానికని రైల్వే వేలంలో దొరికిన పాత స్లీపర్ చెక్కలు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దుంగలు, తెచ్చి బల్లలు చేయించాడు. పోయిన ఎండాకాలం ఓ మధ్యాహ్నం వాటి మీద కూర్చుంటే వేడికి చెక్క కాగి వాసన మొదలైంది. పొగ, కిరోసిన్, ముదురు కలప కలిసినట్టుండే వాసన. చెదలు పట్టకుండా, వానకు కుళ్లకుండా చెక్క స్లీపర్లకు క్రియోసోట్ అనే నూనె పట్టించేవాళ్లు. మేం తారు వాసన అనేవాళ్లం. ఇప్పుడు మన లైన్లకు దాదాపుగా అన్నీ కాంక్రీటు స్లీపర్లే కాబట్టి ఈ కాలం పిల్లలకు అది తెలియదు. నాకు మాత్రం ఆ వాసనతో రెండు ఊళ్లు ఒకేసారి గుర్తొస్తాయి. ఒకటి కాజీపేట, రెండోది అమెరికాలోని మెంఫిస్.

బాపు కాజీపేట దగ్గర గ్యాంగ్‌మన్. తెల్లారకముందే గ్యాంగ్ హట్ దగ్గర హాజరు. కంకర కుక్కే బీటర్లు, గడ్డపారలు, ఎర్రజెండాలు, ప్రమాదముంటే బండిని ఆపడానికి పట్టా మీద పెట్టే పటాకీలు లెక్క చూసుకుని లైను మీదికి నడిచేవాళ్లు. సెలవుల్లో సద్ది పట్టుకుపోయే పని నాది. అల్లంత దూరం నుంచే పాట వినిపించేది. పాట వినిపిస్తోందంటే లైను జరుపుతున్నారని అర్థం.

ఆ పని చూసినవాళ్లకే దాని కష్టం తెలుస్తుంది. ఎండలకూ బండ్ల బరువుకూ లైను కొంచెం పక్కకు వంకరపోతుంది. గ్యాంగు పెద్ద, మేట్, దూరంగా గొంతుక్కూర్చుని, పట్టా వెంబడి ఒక కన్ను మూసి చూసి, ఎటు జరపాలో చేత్తో చూపిస్తాడు. అందరూ పట్టా కిందికి గడ్డపారలు దూర్చి నిలబడతారు. ఒకడు ముందు తోస్తే వాడి నడుం పట్టేస్తుంది తప్ప పట్టా కదలదు. అన్ని చేతులూ ఒక్క క్షణంలో పడాలి. ఆ క్షణం ఏదో చెప్పేది పాట.

ఎండ పెద్దదిరో – హైలెస్సా
గొడుగు చిన్నదిరో – హైలెస్సా
గొడుగు కింద దొరగారు – హైలెస్సా
ఎండలోన మనమేరో – హైలెస్సా

'హైలెస్సా' దగ్గర పట్టా వేలెడంత కదిలేది. బాపు మెడ నరాలు ఉబ్బడం, మళ్లీ సర్దుకోవడం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పాట చెప్పేవాడు వేరే ఉండేవాడు. ఆయన గొంతు గొప్పదేం కాదు. కానీ ఎవరు అలిసిపోయారో, ఎవరింట్లో గొడవైందో, ఎవరికి అప్పులవాళ్లు తగులుకున్నారో అన్నీ తెలిసిన మనిషి. దానికి తగ్గ చరణం అప్పటికప్పుడు కట్టేవాడు.

దూరంగా ఇన్‌స్పెక్టర్ గారి ట్రాలీ కనిపించిందంటే గొడుగు పాట ఆగిపోయి భద్రాద్రి రామయ్య వచ్చేవాడు. దెబ్బ అదే, 'హైలెస్సా' అదే, మాట మాత్రం మారేది. ట్రాలీ దాటి వంపు తిరిగాక రాముడు పోయి గొడుగు మళ్లీ వచ్చేది. ఎనిమిదేళ్ల పిల్లవాడిగా నాకది ఆటలా ఉండేది. ఎవడి ముందు నోరెత్తితే నెల జీతం కోత పడుతుందో, వాడి గురించే రోజంతా గొంతెత్తి చెప్పుకునే హక్కు వాళ్లకు ఆ పాటలోనే దొరికిందన్న సంగతి చాలా ఏళ్లకు, వేరే దేశంలో అర్థమైంది.

* * *

మెంఫిస్‌లో నాది గోడౌన్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ పని. ఆఫీసు, ఇండియన్ స్టోరు, శనివారం ఎవరో ఒకరింట్లో భోజనాలు, వీసా టెన్షన్. మిసిసిపి నది ఒడ్డున ఉన్నా నదిని సరిగ్గా చూసినవాళ్లు మాలో తక్కువ. మా అపార్ట్‌మెంట్ల వెనక గూడ్స్ లైను ఉండేది. అమెరికాలో ఇప్పటికీ ఎక్కువ లైన్లకు చెక్క స్లీపర్లే. జూన్ వచ్చి ఎండ ముదిరేసరికి కిటికీలోంచి కాజీపేట వాసన వచ్చింది. ఆ సాయంత్రం లైను దాకా నడిచి వెళ్లాను.

దారిలో ఒక చిన్న చెక్క ఇల్లు. వరండాలో కుర్చీలో ఒక నల్లజాతి పెద్దాయన. రోజూ తల ఊపి పలకరించుకునేవాళ్లం, అంతే. ఆ రోజు ఆయనే పిలిచి, అటెందుకు పోతున్నావని అడిగాడు. స్లీపర్ల వాసన కోసమన్నాను. మా నాన్న లైను మీద పనిచేశాడని చెప్పాను. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆయనా కుర్రతనంలో రైలు గ్యాంగులో పనిచేశాడట.

అక్కడ ఆ పనివాళ్లను గ్యాండీ డాన్సర్లు అనేవారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ గ్యాంగుల్లో ఎక్కువమంది నల్లవాళ్లు, పైన నిలబడి చూసేది తెల్లవాడు. అతన్ని కెప్టెన్ అని పిలవాలి. "మీవాళ్లు పాడేవాళ్లా?" అని అడిగాడు పెద్దాయన. నేను గొడుగు పాట పాడి, అర్థం చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత చేతికర్ర తీసుకుని వరండా మెట్టు అంచుకు ఆనించి, తాము ఎలా చేసేవాళ్లో చూపించాడు.

పాట చెప్పేవాడు రెండు పాదాలు పాడతాడు. పాడుతున్నంతసేపూ మిగతావాళ్లు గడ్డపారలతో పట్టాను తడుతూ ఉంటారు. టక్, టక టక్, టక్. పాదం ముగిసే చోట అందరూ ఒక్కసారి లాగుతారు. పట్టా అర అంగుళం జరుగుతుంది. మళ్లీ రెండు పాదాలు. మంచి పాటగాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాడినా చెప్పిన చరణం మళ్లీ చెప్పడట. బైబిలు చరణాలు, ఆడవాళ్ల మీద చరణాలు, కెప్టెన్ మీద చరణాలు. కెప్టెన్‌ని టైమెంత అని అడిగితే గడియారమే విసిరి పారేశాడన్న మాట ఆ దక్షిణాది పని పాటల్లో చాలాచోట్ల ఉంది. పొద్దుగూకినా పని ఆపనివ్వడని చెప్పడం అన్నమాట. కెప్టెన్ దగ్గరికొస్తే యేసు ప్రభువు చరణాలు. పెద్దాయన ఆ మాట చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఆ ఆదివారం కాలింగ్ కార్డు కొని ఇంటికి ఫోన్ చేశాను. బాపు అప్పటికి రిటైరయ్యాడు. పెద్దాయన వరండాలో స్పీకర్ పెట్టి ఇద్దరినీ మాట్లాడించాను. నేను మధ్యలో దుబాసీని. బాపు అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్లకు బూట్లిచ్చేటోళ్లా?" లేదు, సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్లమని జవాబు. కంకరలో పాములుంటాయా అని పెద్దాయన అడిగితే, పాముల కంటే తేళ్లతోనే బాధ అన్నాడు బాపు. ఎండాకాలం పట్టా ఎంత కాలేదీ, బండి వస్తోందని అందరికంటే ముందు ఎవరు పసిగట్టేవాళ్లు, గడ్డపార జారితే ఏ వేలు పోతుంది... కార్డులో డబ్బులు అయిపోయేదాకా అవే మాటలు. చివర్లో బాపు 'హైలెస్సా' అన్నాడు. ఇవతల పెద్దాయన కర్రతో మెట్టు మీద కొట్టాడు. శబ్దం సముద్రాలు దాటి చేరడానికి కొంత ఆలస్యమయ్యేది కాబట్టి దెబ్బ కలవలేదు. అయినా ఇద్దరూ కాసేపు వదల్లేదు.

* * *

తర్వాత తర్వాత ఆదివారాలు ఆయన్ని కారులో ఎక్కించుకుని 61వ నంబరు హైవే మీద దక్షిణంగా, మిసిసిపి డెల్టాలోకి వెళ్లేవాణ్ని. ఆయన పుట్టింది క్లార్క్స్‌డేల్ ప్రాంతంలో. కనుచూపు మేరా చదును, నల్లరేగడి లాంటి నేల, పత్తి. వరంగల్ మనిషికి పత్తి చేను కొత్త కాదు. కానీ మైళ్లకు మైళ్లు నడిచినా మనిషి కనిపించని పత్తి చేను అక్కడే చూశాను.

ఒకప్పుడు ఆ చేలన్నీ మనుషులతో నిండి ఉండేవట. బానిసత్వం పోయాక పాలుకు చేసే సేద్యం వచ్చింది. విత్తనం, కంచర గాడిద, తిండిగింజలు దొర ఇస్తాడు. పంట వచ్చాక లెక్క కూడా దొరే రాస్తాడు. ఏడాది చివర ఆ లెక్కలో ఎప్పుడూ బాకీయే తేలుతుంది. క్లార్క్స్‌డేల్ పక్కన హాప్సన్ అనే ఎస్టేటు ఉంది. 1944లో అక్కడ పత్తి ఏరే యంత్రాలు వచ్చాయి. చేయి తిరిగిన మనిషి గంటకు 20 పౌండ్లు ఏరితే యంత్రం 1,000 పౌండ్ల దాకా ఏరేది. దాంతో మనుషులు అక్కర్లేకపోయారు. అప్పటికే మొదలైన వలస ఇంకా పెరిగింది. 1910 నుంచి 1970 దాకా దక్షిణాది వదిలి వెళ్లిన నల్లవాళ్లు సుమారు 60 లక్షల మంది. డెల్టావాళ్లు ఎక్కువగా షికాగో రైలు ఎక్కారు. పెద్దాయన మెంఫిస్‌లోనే ఆగిపోయాడు. రైలు పట్టాలు సరిచేసినవాడికి ఆ రైలెక్కే మనసు రాలేదన్నాడు.

క్లార్క్స్‌డేల్‌లో పాత రైల్వే గూడ్స్ షెడ్డులో, నల్లవాళ్ల పాటల్లోంచి పుట్టిన బ్లూస్ సంగీతానికి మ్యూజియం ఉంది. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఉన్న గుడిసె తాలూకు దుంగల గోడలు అక్కడ పెట్టారు. ఆయన స్టోవల్ తోటలో ట్రాక్టర్ నడిపేవాడు. 1941లో జానపద పాటలు సేకరించే అలాన్ లోమాక్స్, ఫిస్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ వర్క్ అక్కడికి వెళ్లి ఆయన పాట రికార్డు చేశారు. తన గొంతు తాను మొదటిసారి విన్న మనిషి 1943లో, కూలి కాస్త పెంచమంటే తోట సూపర్‌వైజర్ మండిపడ్డాడని షికాగో వెళ్లిపోయాడు. అక్కడ ఆయన ఎంత పెద్ద గాయకుడయ్యాడో లోకానికి తెలుసు. జాన్ వర్క్ సంగతే చాలామందికి తెలియదు. ఆయన నల్లజాతి పండితుడు, సంగీతం రాయడం వచ్చినవాడు. ఆయన డెల్టా పరిశోధన ఫైళ్లలోనే ఉండిపోయి 2005లో గానీ పుస్తకంగా రాలేదు. లోమాక్స్ పేరు మోగిపోయింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పెద్దాయన మ్యూజియంలో ఎక్కువసేపు నిలబడేవాడు కాదు. ఆయనకు గట్టు దగ్గరికి వెళ్లాలని ఉండేది. గ్రీన్‌విల్‌లో నది కట్ట మీద నిలబడి తన మేనత్త కథ చెప్పాడు. 1927 ఏప్రిల్‌లో ఆ ఊరికి పైన మౌండ్స్ లాండింగ్ దగ్గర కట్ట తెగింది. వేలమంది నల్లవాళ్లు ఆ సన్నటి కట్ట మీద డేరాల్లో ఉన్నారు. స్టీమర్లు వచ్చాయి. తెల్లవాళ్లను ఎక్కించుకుని వెళ్లాయి. కూలీలు వెళ్లిపోతే మళ్లీ రారని తోటల యజమానులు వీళ్లను కదలనివ్వలేదు. తుపాకులు పట్టుకున్న గార్డులు కాపలా. బట్టలకు చీటీలు కట్టారు, ఎవరి తోట మనిషో తెలియడానికి. మేనత్త ఆ చీటీని చాలా ఏళ్లు దాచిపెట్టిందట.

ఆ వరద మీద డెల్టా బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ 1929లో రికార్డు చేసిన పాట ఉంది. ఇంటికొచ్చి విన్నాను. గరగర శబ్దంలో మాటలు సగం పట్టుబడవు. కొండ ప్రాంతానికి వెళ్లిపోదామంటే నన్ను అడ్డుకున్నారు అనే అర్థం వచ్చే పాదం ఒకటి ఉంది. గట్టు మీద నిలబడి ఆ కథ విని ఉండకపోతే అది మామూలు వరద పాటలా దాటిపోయేది. కాపలా తుపాకుల గురించి బజార్లో అమ్మే రికార్డులో అంతకన్నా విప్పి చెప్పే వీలు ఆ రోజుల్లో లేదు. విన్నవాళ్లకు ఆ పాదం చాలు.

నేనక్కడ ఉన్న రోజుల్లోనే ఇంకో సంగతి పేపర్లో వచ్చింది. 1959లో మిసిసిపి రాష్ట్రంలోని పార్చ్‌మన్ జైల్లో ఖైదీలు కట్టెలు కొడుతూ పాడుతుంటే లోమాక్స్ రికార్డు చేశాడు. ముందు పాట అందుకున్నతని పేరు జేమ్స్ కార్టర్. ఆ రికార్డును ఒక హాలీవుడ్ సినిమాలో వాడారు, ఆల్బమ్ లక్షల్లో అమ్ముడైంది. మనిషిని షికాగోలో వెతికి పట్టుకుని 2002లో 20,000 డాలర్ల చెక్కు చేతికిచ్చారు. ఆయనకు ఆ పాట పాడినట్టే గుర్తులేదట. పెద్దాయనకు చదివి వినిపిస్తే, "గుర్తెలా ఉంటుంది? అది పాట కాదు, పని" అన్నాడు.

* * *

బొంతల గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. పెద్దాయన భార్య అలబామా మనిషి. వాళ్ల సోఫా మీద ఎప్పుడూ ఒక బొంత ఉండేది. నీలం, ఖాకీ ముక్కలు, మధ్యలో ఒక్క ఎర్ర పట్టీ. మా అమ్మ పాత చీరలతో కుట్టే బొంతలకు అంచులు తిన్నగా ఉండాల్సిందే. ఈ బొంతలో ఒక్క గీతా తిన్నగా లేదు, అయినా చూపు తిప్పుకోబుద్ధి కాదు. బొంతలకు పేరుపడ్డ అలబామా ఊరు జీస్ బెండ్ గురించి ఆమే నాకు చెప్పింది.

ఒకసారి నా భార్యా నేనూ కారేసుకుని వెళ్లాం. అలబామా నది మూడు వైపులా చుట్టిన నాలుక లాంటి చోటు. ఊళ్లో చాలామందికి పెట్‌వే అనే ఇంటిపేరు. అది ఒకప్పటి బానిసల యజమాని పేరు. నదికి అవతల కామ్డెన్, కౌంటీ ఆఫీసు అక్కడే. ఓటు నమోదుకు జనం నది దాటడం మొదలుపెట్టగానే, 1962లో పడవ ఆపేశారు. మళ్లీ 2006లో గానీ రాలేదు. కళ్లెదుట కనిపించే ఊరికి చుట్టూ తిరిగి వెళ్లాలి. మేమూ అలాగే తిరిగి వెళ్లాం. తిరుగుతున్న కొద్దీ నా భార్యకు కోపం వచ్చింది. "ఒక్క పడవ ఆపితే ఎంతమంది నోరు మూసుకుంటుంది చూడు" అంది.

కానీ ఆ ఆడవాళ్లు ఊరుకోలేదు. 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మారు. ఓటు కోసం లేచినందుకు ఇళ్లూ పొలాలూ పోయిన కుటుంబాలకు అది కూడు పెట్టింది. 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడల మీద ఆ బొంతలే వేలాడాయి. వాటిలో ఒకటి మిస్సూరి పెట్‌వే 1942లో కుట్టినది. భర్త చనిపోయాక అతని పని బట్టలన్నీ విప్పి, ముక్కలు చేసి, ఆయన్ను తల్చుకుంటూ కప్పుకోవడానికి కుట్టుకుంది. ప్యాంట్ల మోకాళ్ల దగ్గర వెలిసిన చోట్లు, జేబు విప్పితే కింద ముదురుగా మిగిలిన నీలం, అన్నీ అలాగే ఉన్నాయి. బాపు పోయాక అమ్మ ఆయన ఖాకీ చొక్కాలు ఎవరికో ఇచ్చేసింది. అవి ఉండుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

* * *

జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ జయంతికి మెంఫిస్‌లో ఊరేగింపు ఉంటుంది. ఒక ఏడు పెద్దాయనతో కలిసి వెళ్లాను. ఆయన తమ్ముడు ఆ ఊరి పారిశుధ్య కార్మికుడు. 1968 ఫిబ్రవరిలో వాన పడుతుంటే ఇద్దరు కార్మికులు చెత్త లారీ వెనక భాగంలో, చెత్త నొక్కే చోట, తలదాచుకున్నారు. యంత్రం దానంతటది కదిలి ఇద్దరూ నలిగి చనిపోయారు. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్. ఆ తర్వాత 1,300 మంది సమ్మెకు దిగారు. 'నేను మనిషిని' అన్న ఒక్క మాట రాసిన అట్టలు పట్టుకుని క్లేబోర్న్ టెంపుల్ అనే చర్చి నుంచి నడిచేవాళ్లు. వాళ్లకు మద్దతుగా వచ్చిన కింగ్‌ను ఏప్రిల్ 4న ఆ ఊళ్లోనే కాల్చి చంపారు. చర్చిలో రాత్రిళ్లు పాటలే కడుపు నింపేవని తమ్ముడు చెప్పేవాడట.

ఊరేగింపులో చేతులు కలుపుకుని 'వుయ్ షల్ ఓవర్‌కమ్' అనే పాట అందుకున్నారు. బాణీ వినగానే నా నోట 'హమ్ హోంగే కామ్‌యాబ్' వచ్చేసింది. కాజీపేట స్కూల్లో ప్రేయర్లో పాడిన పాట. పెద్దాయన తిరిగి చూసి, ఏ భాష అన్నాడు. మా దేశంలో ప్రతి బడిపిల్లవాడికీ ఇది వస్తుందంటే ఆగి నిలబడిపోయాడు. ఆ పాట ప్రయాణం తర్వాత తెలుసుకున్నాను. చర్చి కీర్తనల్లోంచి కార్మికుల దగ్గరికి వచ్చింది. 1945లో చార్లెస్టన్ పొగాకు ఫ్యాక్టరీ సమ్మెలో నల్లజాతి ఆడవాళ్లు వానలో నిలబడి పాడారు. వాళ్ల నుంచి టెనెసీలో ఉద్యమకారులకు శిక్షణ ఇచ్చే హైలాండర్ స్కూలుకు, అక్కడి నుంచి 1960ల పౌరహక్కుల ఉద్యమానికి, చివరికి మా ప్రేయర్ గ్రౌండుకు. ఆ దారిలో మాకు ఎవరూ చెప్పని పేర్లు ఎన్నో ఉన్నాయి.

పెద్దాయన నేను హైదరాబాద్ తిరిగొచ్చేశాక పోయారు. క్లేబోర్న్ టెంపుల్ 2025 ఏప్రిల్లో తగలబడింది. ఆ ఫోటోలు చూసిన రోజు ఆఫీసులో ఏ పనీ చేయలేకపోయాను.

* * *

డెల్టా పాటలకు ఆలస్యంగానైనా, అన్యాయాలతోనైనా రికార్డులున్నాయి. మా గ్యాంగు పాటలకు అదీ లేదు. లైను జరపడానికి యంత్రాలొచ్చాయి, పాట చెప్పినాయన పోయాడు, బాపు పోయాడు. నాకు గుర్తున్నవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని చరణాలు.

జనగామ నుంచి వచ్చిన వారానికి డోర్నకల్ వెళ్లాను. బాపుతో పనిచేసిన ఒకాయన అక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, పాడమని అడిగితే, "కూసుంటే యాదికి రాదు బిడ్డా" అన్నాడు. పశువుల కొట్టంలో ఉన్న గడ్డపార మనవడితో తెప్పించుకుని లేచి నిలబడ్డాడు. పునాది రాయి కిందికి మొన దూర్చి కొంచెం కదిపాడు. అప్పుడు మొదలైంది. గొడుగు పాటలో నేనెప్పుడూ వినని చరణాలు. దొరగారి భార్యకు తాము మోసిన నీళ్ల మీద ఒకటి, రాత్రి పెట్రోలింగులో చలి మీద ఒకటి, బండి కింద పడి పోయిన ఒక కుర్రవాడి పేరుతో ఒకటి. ఆ కుర్రవాడి చరణం దగ్గర గొంతు పట్టేసి మధ్యలో ఆపేశాడు. మిగతాది మహబూబాబాద్‌లో ఉన్న ఇంకో గ్యాంగ్‌మన్‌కు వస్తుందని ఊరి గుర్తులు చెప్పాడు. వచ్చే ఆదివారం ఈయన్ని కూడా వెంటబెట్టుకుని అక్కడికి వెళ్తున్నాను. గడ్డపార కారు డిక్కీలో పెట్టుకున్నాను.